ఆండీస్ కొండలెక్కిన హంబోల్ట్

అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ 1769 సెప్టెంబరు 14న బెర్లిన్‌లో జన్మించారు. ప్రష్యా ప్రభుత్వ గనుల శాఖలో మంచి ఉద్యోగం. 1796లో తల్లి మరణించగా ఆస్తి చేతికి వచ్చింది. ఉద్యోగానికి రాజీనామా చేసి, ఆ ధనాన్ని దేశాటనకు, శాస్త్ర పరిశోధనకు వెచ్చించారు.

1799లో వృక్షశాస్త్రజ్ఞుడు బోన్‌ప్లాన్‌తో కలిసి స్పెయిన్ నుంచి ఓడలో దక్షిణ అమెరికాకు బయలుదేరారు. ఆండీస్ పర్వతాల్లోని క్విటో నగరం చేరి చుట్టుపక్కల అగ్నిపర్వతాలెక్కారు. 1802 జూన్ 23న చింబొరాజో వంతు. ప్రపంచంలో అంతకన్న ఎత్తైన శిఖరం లేదని ఆ రోజుల్లో నమ్మేవారు. పైకి పోయినకొద్దీ ఊపిరాడక తల తిరిగింది, చిగుళ్ళు రక్తం కార్చాయి. శిఖరం ఇంకా పైన ఉండగానే పెద్ద చీలిక అడ్డుపడి వెనుదిరగక తప్పలేదు.

శిఖరం అందకపోయినా ఒక సత్యం అందింది. కొండ దిగువన తాటిజాతి చెట్లు, అరటి, ఆపైన పొదలు, గడ్డి, నాచు, చివరకు మంచు. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు వెళితే కనిపించే వరుస ఒక్క కొండమీదనే ఉన్నదని గ్రహించి, దానిని ఒకే చిత్రపటంగా 1807లో ప్రచురించారు.

హిమాలయాలు చూడాలని ఆయన ఎంతో కోరుకున్నారు. ఈస్టిండియా కంపెనీ అనుమతి ఇవ్వలేదు. గ్రంథాల ప్రచురణతో ఆస్తి కరిగిపోగా, వృద్ధాప్యంలో రాజుగారి కొలువులో జీతంపై బతికారు. అయినా డెబ్బై అయిదేళ్ళ వయసులో, 1845లో, 'కాస్మాస్' మొదటి సంపుటం వెలువరించారు. 1859 మే 6న, తొంభైవ ఏట కన్నుమూసేవరకు కలం వదలలేదు. వయసు మీరిందనుకునే మనకు ఆయన జీవితం ఆదర్శం.