గులాం యజ్దానీ

ఆదిలాబాదు పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున జైనథ్ అను గ్రామము కలదు. అచటి లక్ష్మీనారాయణస్వామి ఆలయమున ఒక ప్రాచీన శిలాశాసనము కలదు. మాళవదేశము నేలిన పరమార వంశమునకు చెందిన జగద్దేవుని పేరు అందు కనిపించును. మాళవమెక్కడ? ఆదిలాబాదెక్కడ? ఆ రాయి ఏ బావిగట్టులోనో, ఏ ప్రహరీగోడలోనో కలిసిపోయినచో ఆ సంబంధము మనకు తెలియకయే పోయెడిది. నాటి హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖ ఆ శాసనమును తన వార్షిక నివేదికలో ప్రకటించెను. ఆ శాఖను 1914లో దాని స్థాపన మొదలు 1943 వరకు నడపిన పండితుడు గులాం యజ్దానీ.

యజ్దానీ 1885వ సంవత్సరమున ఢిల్లీలో జన్మించెను. అరబ్బీ, పారసీక భాషలలో గొప్ప పాండిత్యము సంపాదించి, కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసెను. భారతదేశమునందలి అరబ్బీ, పారసీక శాసనములను ప్రకటించు ప్రభుత్వ పత్రికకు చాలకాలము సంపాదకుడుగా ఉండెను. 1914లో నిజాము ప్రభుత్వము పురావస్తుశాఖను నెలకొల్పి, 29 ఏండ్ల ఆ యువకుని దానికి అధిపతిగా నియమించెను.

ఆయనకు అప్పగింపబడిన భారము సామాన్యమైనది కాదు. రాజ్యవైశాల్యము 80,000 చదరపు మైళ్లకు మించినది. అందు బౌద్ధుల గుహలు, జైనుల బసదులు, కాకతీయుల ఆలయములు, బహమనీ సుల్తానుల కోటలు, గోరీలు చెదరియుండెను. పెక్కింటిపై మర్రి, రావి మొలచి, వాని వేళ్లు గోడలను చీల్చుచుండెను. ఇల్లు కట్టుకొనువారు శిథిలముల నుండి రాళ్లు తీసికొనిపోవుచుండిరి. వారిని మాత్రమే నిందించుట తగదు. ఆ రాళ్ల విలువ వారికి తెలిపినవారు లేరు. వానిని తీయరాదను చట్టమును లేకుండెను.

ఏది ఎచట ఉన్నదో తెలియనిదే దానిని కాపాడుట సాధ్యముకాదు. కావున కట్టడములను వెదకి, కొలిచి, ఛాయాచిత్రములు తీయించి, శాసనములకు నకళ్లు ఎత్తించి, గ్రంథములుగా అచ్చువేయించుట శాఖకు ముఖ్యకార్యమాయెను. 1915లో రాయచూరు జిల్లా మస్కి వద్ద ఒక బండపై అశోకుని శాసనము బయల్పడెను. అంతవరకు దొరికిన ఇతర శాసనములలో ఆ చక్రవర్తి దేవానాంప్రియుడని, ప్రియదర్శియని మాత్రమే కనిపించుచుండగా, అశోకుడను పేరు ఇందు స్పష్టముగా ఉండెను. శాఖ ప్రకటించిన గ్రంథమాలలో మొదటిది ఆ శాసనమును గూర్చినదే.

కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు ఆ కాలమున వరంగల్లు సుబాలో భాగములు. ఆ సుబాలోనే పాలంపేట కలదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో అచట నిర్మించిన ఆలయమునే మనము రామప్పగుడి యందుము. యజ్దానీ ఆ గుడిని, దాని పరిసరములందలి ఆలయములను పరిశీలించి, 1922లో ఆంగ్లమున ఒక గ్రంథమును వెలువరించెను. స్తంభములను, శిల్పములను ఆయన ఎంతో శ్రద్ధతో వర్ణించెను. ఆ గ్రంథము వెలువడిన 99 ఏండ్లకు, 2021లో, యునెస్కో సంస్థ రామప్పగుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను.

గ్రంథములు వ్రాసినంతమాత్రమున గోడలు నిలువవు. బ్రిటిషు ఇండియాలో పురాతన కట్టడముల సంరక్షణకు 1904లోనే చట్టము వచ్చెను. హైదరాబాదు రాజ్యమున 1337 ఫసలీలో, అనగా 1927-28 ప్రాంతమున, అట్టి చట్టము ఏర్పడెను. ఇట్టి చట్టముల ప్రకారము ప్రభుత్వము ఒక కట్టడమును రక్షితమని ప్రకటించినచో, దానిని పడగొట్టుట, పాడుచేయుట నేరమగును. అంతవరకు దిక్కులేనివై పడియున్న కట్టడములకు ఇట్లు ప్రభుత్వము దిక్కయ్యెను.

యజ్దానీ పేరు దేశాంతరములకు ప్రాకుటకు అజంతా గుహలు ముఖ్యకారణము. అవి నాడు హైదరాబాదు రాజ్యములోనివి. గోడలపై చిత్రములున్న గచ్చు పెచ్చులుగా ఊడిపోవుచుండెను. 1920లో ఇటలీ నుండి చెక్కోని అను నిపుణుడు, ఆయన సహాయకుడు రప్పింపబడిరి. వారు రెండు శీతకాలములు శ్రమించి, ఊడిపడనున్న గచ్చును గోడలకు అతికించిరి. అయితే వారు పూసిన లక్కమెరుగు కాలక్రమమున పసుపువన్నెకు తిరిగి చిత్రములను మరుగుపరచెను. తరువాతి రసాయన శాస్త్రజ్ఞులు దానిని తొలగింపవలసివచ్చెను. కాపాడు చేయి సైతము జాగ్రత్తతో మెలగవలెనని అజంతా నేర్పిన పాఠమిది.

ఆ చిత్రములను వర్ణచిత్రములతో లోకమునకు చూపుటకై యజ్దానీ నాలుగు భాగముల మహాగ్రంథమును సిద్ధపరచెను. మొదటి భాగము 1930లో, చివరి భాగము 1955లో వెలువడెను. ఉద్యోగము వీడి 12 ఏండ్లు గడచినను ఆయన ఆ పనిని విడువలేదు. ఆయన కాలముననే 1930లో హైదరాబాదున పురావస్తు ప్రదర్శనశాల ఏర్పడెను. మెదకు జిల్లా కొండాపురమున త్రవ్వకములు జరిగి శాతవాహనుల నాటి పట్టణము బయల్పడెను. బీదరు కట్టడములను గూర్చిన ఆయన గ్రంథము 1947లో వెలువడెను. 1959లో భారత ప్రభుత్వము ఆయనను పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. 1962లో ఆయన పరమపదించెను.

అరబ్బీ, పారసీకములు చదివిన ఈ ముస్లిము పండితుడు బుద్ధుని గుహను, శివుని గుడిని, సుల్తాను గోరీని ఒకే శ్రద్ధతో పరిరక్షించెను. ఏ కట్టడమైనను దానిని కట్టినవారిది మాత్రమే కాదు, తరువాత పుట్టిన వారందరిదియు అని ఆయన నడవడి తెలుపుచున్నది.

ఆయన ప్రారంభించిన పని నేటికిని ముగియలేదు. ఆయన తరువాతివారు పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాలలలో త్రవ్వకములు జరిపి శాతవాహన యుగపు జాడలను వెలికితీసిరి. తెలంగాణ రాష్ట్రము 2017లో వారసత్వ సంపద రక్షణకు కొత్త చట్టము చేసెను. అయినను చట్టము దృష్టికి రాని గుట్టలు, రాళ్లు ఇంకను కలవు. కరీంనగరు జిల్లా కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనములో మూడు తెలుగు కందపద్యములు కలవు. నన్నయకు పూర్వమే తెలుగున పద్యము వెలసినదని అవి చాటుచున్నవి. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా గౌరవము లభించుటకు అవియు ఆధారములైనవి. అట్టి గుట్టకు సైతము గ్రానైటు త్రవ్వకముల ముప్పు కలదని చరిత్రాభిమానులు ఆందోళన చెందవలసివచ్చెను.

మీ ఊరి చెరువుగట్టుపైనో, పాత గుడి ముంగిటనో అక్షరములున్న రాయి కనిపించినచో దానిపై సున్నము పూయకుడు, పేర్లు చెక్కకుడు. ఉపాధ్యాయునకు చూపి, అది ఎచట ఉన్నదో వ్రాసి ఉంచుడు. యజ్దానీ ఉద్యమము ఆరంభమైనదియు అట్టి వ్రాతతోడనే.