సంగీత నాయకుడు టోస్కనీని

పాశ్చాత్య సంగీత సభలలో మనవారికి వింతగా తోచు వ్యక్తి యొకడు గలడు. మన కచేరీలో గాయకుడు పాడును, వయొలిను వెంబడించును, మృదంగము నడక నిలుపును. అందరును ఒకరి ముఖమొకరు చూచుకొనుచు సాగింతురు. అక్కడ ఎనుబదిమందో నూరుగురో వాద్యకారులు బారులు తీరి కూర్చుందురు. వారికెదురుగా ఒకడు నిలుచుండును. అతని చేత వాద్యము లేదు, నోట పాట లేదు. ఒక సన్నని పుల్ల మాత్రముండును. ఆ పుల్ల కదలికను బట్టియే వాద్యములన్నియు ఆరంభించును, వడి హెచ్చించును, అణగును, ఆగును. ఆ మనిషినే కండక్టరందురు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఆ పుల్ల పట్టినవారిలో ఆర్టురో టోస్కనీనిని మించిన ప్రఖ్యాతి మరియొకనికి దక్కలేదు.

టోస్కనీని 1867వ సంవత్సరము మార్చి 25వ తేదీన ఇటలీ దేశమందలి పార్మా నగరమున జన్మించెను. తండ్రి క్లౌడియో దర్జీపని చేయువాడు. యౌవనమున గారిబాల్డీ దండులో చేరి ఇటలీ ఐక్యము కొరకు పోరాడినవాడు. ఆ దేశసేవ యింటికి పేరు తెచ్చెనే గాని కూడు పెట్టలేదు. తొమ్మిదవయేట బాలుడు పార్మా సంగీత విద్యాలయమున ప్రవేశించి చెల్లో నభ్యసించెను. ఇది వయొలిను జాతిదే యైనను, కూర్చుండి మోకాళ్ల నడుమ నిలిపి వాయింపవలసినంత పెద్ద వాద్యము. 1885లో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. అతనికి చూపు మందము. స్వరలిపి పుస్తకమును కన్నులకు మిక్కిలి దాపునకు తెచ్చుకొనిననే గాని చదువరాదు. సభలో అట్లు చేయుట కుదరదు గనుక, ప్రతి వాద్యమును వాయింపవలసిన స్వరములతో సహా గ్రంథమునంతయు ధారణ చేయుట అలవరచుకొనెను. మన వేదపండితులకు ఈ శక్తి వింత గాదు గాని, ఐరోపాలో దానిని అద్భుతముగా చెప్పుకొనిరి.

ఆ ధారణయే అతని జీవితమును మలుపు త్రిప్పినది. 1886లో అతడు ఒక ఆపెరా బృందముతో దక్షిణ అమెరికాకు పోయెను. ఆపెరా యనగా మాటలు సైతము పాటగా నడచు నాటకము. రంగముపై నటగాయకులు, దిగువ వాద్యబృందము. చెల్లో వాయించుటయు, బృందగాయకులకు పాఠము చెప్పుటయు అతని పనులు. జూన్ 30వ తేదీ రాత్రి రియో డి జనీరో నగరమున వెర్డీ రచించిన అయీదా నాటకము ప్రదర్శింపవలసియుండెను. బ్రెజిల్ దేశీయుడైన నాయకుడు ఇటలీ గాయకులతో కలహించి పదవి విడిచెను. తమవానికి అవమానము జరిగెనని ప్రేక్షకులు మండిపడిరి. అతని స్థానమున నిలిచినవానిని ఈలలతో, కేకలతో దింపివైచిరి. మరియొకడు నిలువబోగా వానికిని అదియే గతి పట్టెను. ప్రదర్శనము ఆగినచో బృందమునకు పరదేశమున దిక్కులేదు. అప్పుడు తోటివారు ఆ పందొమ్మిదేండ్ల చెల్లో వాద్యకారుని ముందునకు త్రోసిరి. అతడు పుస్తకమును మూసి, పుల్ల చేతబట్టి, నాటకమును ఆమూలాగ్రము కంఠస్థముగా నడిపెను. కేకలు వేసినవారే కరతాళధ్వనులు చేసిరి.

ఇంత పేరు వచ్చిన పిమ్మట వేరొకడైనచో నాయకపదవి కొరకే తిరిగియుండును. టోస్కనీని స్వదేశమునకు వచ్చి, 1887 ఫిబ్రవరిలో మిలాన్ నగరమందలి లా స్కాలా రంగశాలలో వెర్డీ కొత్త నాటకము ఒథెల్లో తొలిసారి ప్రదర్శింపబడినపుడు, సామాన్య వాద్యకారుడుగా చెల్లో వరుసలో కూర్చుండెను. వృద్ధుడైన వెర్డీ తన రచనను తానెట్లు వినగోరునో దగ్గరనుండి చూచుట అతని కోరిక. 1898లో ట్యూరిన్ నగరమున వెర్డీ రచించిన భక్తిగీతములను నడుపవలసివచ్చినపుడు, సందేహనివృత్తికై ఆ మహానుభావుని దర్శింపబోయెను. టె డేయుమ్ అను గీతమును పియానోపై వాయించుచు, గ్రంథమున సూచన లేకున్నను ఒకచోట నడకను కొంచెము నెమ్మదింపజేసెను. వెర్డీ కోపింపక మెచ్చుకొనెను. తానును అక్కడ అట్లే తలచితిననియు, వ్రాసినచో నాయకులు దానిని మితిమీరి సాగదీయుదురని భయపడి వ్రాయలేదనియు చెప్పెనట. వ్రాసినది వ్రాసినట్లు వాయింపవలెనని జీవితాంతము పోరాడినవాడని టోస్కనీనికి పేరు. ఆ పట్టుదల అక్షరమునకు దాస్యము కాదనుటకు ఈ యుదంతమే సాక్ష్యము. తరువాతి కాలమున డెబుస్సీ మొదలగువారి రచనలలో వాద్యముల పాళ్లను అతడే అక్కడక్కడ దిద్దిన మాటయు నిజము.

లియోన్‌కవాల్లో రచించిన పాలియాచ్చి 1892లోను, పుచ్చీని రచించిన లా బోహెమ్ 1896లోను అతని చేతిమీదనే తొలిసారి వెలువడినవి. 1898లో లా స్కాలాకు ప్రధాన నాయకుడయ్యెను. ఆనాటి ఇటలీ నాటకశాలల తీరు మన పౌరాణిక నాటకముల నెరిగినవారికి చెప్పనక్కరలేదు. గాయకుడు పైస్వరమును ఊపిరి యున్నంతసేపు పట్టుకొనును, జనము వన్స్‌మోరనును, చచ్చిపడిన పాత్ర లేచి మరల పాడును. టోస్కనీని ఈ మరలపాటలను నిషేధించెను. నాటకము నడచునపుడు ప్రేక్షకుల దీపము లార్పించెను. 1903లో జనము పట్టువిడువక మరల పాడుమని గోలచేయగా, నాటకము నడుమనే శాలను వీడి వెడలిపోయి మూడేండ్ల వరకు అచ్చట అడుగిడలేదు. 1908 మొదలు 1915 వరకు న్యూయార్కు మెట్రొపాలిటన్ ఆపెరాలో పనిచేసెను. 1917లో, యుద్ధమధ్యమున, మోంటే సాంటో కొండపై శత్రువుల గుండ్లు పడుచుండగా సైనిక వాద్యబృందమును నడిపినందుకు ఇటలీ ప్రభుత్వము పతకమొసగెను.

గ్రామఫోను యంత్రముతో అతనికి పరిచయము 1920లో కలిగెను. లా స్కాలా వాద్యబృందముతో అమెరికా పర్యటనకు పోయి, విక్టర్ కంపెనీవారికి కొన్ని రచనలను ఇచ్చెను. అప్పటికింకను మైకు లేదు. వాద్యకారులెల్లరును ఒక పెద్ద బూరయెదుట గుమిగూడి వాయింపవలెను. ప్లేటు ఒక ప్రక్కకు నాలుగు నిమిషములకు మించి పట్టదు. ఆ పరిమితికి సంగీతమును తెగగొట్టవలెను. వాద్యముల సమతూకమునకే ప్రాణమిచ్చువానికి ఇది ఎంతటి హింసయో ఊహింపవచ్చును. ఆ పిదప పెక్కేండ్లు ప్లేట్ల పనికి అతడు అరుదుగా మాత్రమే సమ్మతించెను. న్యూయార్కు ఫిల్‌హార్మొనిక్ బృందముతో 1936లో ఇచ్చిన బీతోవెన్ ఏడవ సింఫొనీని మాత్రము రసజ్ఞులు నేటికిని తలమీద పెట్టుకొందురు.

రాజకీయములలో అతని నడక మొదట తప్పటడుగే. 1919 ఎన్నికలలో ముస్సోలిని జాబితాలో నిలిచి ఓడిపోయెను. అప్పటికి ఆ పక్షపు స్వరూపమింకను పూర్తిగా బయటపడలేదని సమర్థించువారు గలరు. ఏమైనను, ముస్సోలిని అధికారమునకు వచ్చునాటికే టోస్కనీని అతనికి విరోధి యయ్యెను. లా స్కాలాలో ఆ నియంత చిత్రపటమును పెట్టనీయలేదు, పక్షగీతమును వాయింపనీయలేదు. 1926 ఏప్రిల్ 25వ తేదీన పుచ్చీని చివరి నాటకమైన తురందో తొలి ప్రదర్శనము. అది ముగియకుండగనే కవి 1924లో మరణించెను. శేషమును మరియొకరు పూరించిరి. ఆ రాత్రి పుచ్చీని స్వహస్తముతో వ్రాసిన భాగము ముగిసినంతనే టోస్కనీని పుల్లను దించి, మహాకవి ఇచ్చట కలము విడిచెనని సభకు తెలిపి, వెడలిపోయెను. 1931 మే 14వ తేదీన బొలోన్యా నగరమున మంత్రులు వచ్చుచున్నారు గనుక పక్షగీతము వాయింపుమనిరి. అతడు నిరాకరించెను. నాటకశాల గుమ్మముకడ ఫాసిస్టు యువకులు అతనిని ముఖముపై కొట్టిరి. అప్పటికతనికి అరువదినాలుగేండ్లు. ఆ పిదప పదునైదేండ్లు ఇటలీలో పుల్ల పట్టలేదు.

జర్మనీలోని బైరాయ్‌ట్ ఉత్సవము వాగ్నర్ భక్తులకు పుణ్యక్షేత్రము. అన్యదేశ సంప్రదాయమునుండి వచ్చి 1930లో అచ్చట వాద్యబృందమును నడిపినవారిలో టోస్కనీనియే ప్రథముడు. అతనికి అంతకు మించిన గౌరవము లేదు. ఐనను 1933లో హిట్లరు యూదు సంగీతకారులను తరిమివేయ నారంభింపగా, హిట్లరే స్వయముగా లేఖ వ్రాసినను ఆ యేటి యుత్సవమునకు పోలేదు. జర్మను రేడియోలో అతని ప్లేట్లను నిషేధించిరి. యంత్రముపై విముఖుడైన ఈ మనిషి ప్లేట్లకు నియంత లింతగా భయపడుట విచిత్రము. 1936 డిసెంబరులో, ఐరోపానుండి పారివచ్చిన యూదులతో టెలవీవ్ నగరమున ఏర్పడిన వాద్యబృందమునకు ప్రారంభ కచేరీ నడిపి, రాకపోకల ఖర్చు సైతము పుచ్చుకొనలేదు.

డెబ్బదవయేట విశ్రమింపదలచినవానిని అమెరికా రేడియో సంస్థ ఎన్.బి.సి.వారు విడువలేదు. అతని కొరకే కొత్త వాద్యబృందమును కూర్చిరి. 1937 క్రిస్మసు రాత్రి మొదటి కచేరీ ప్రసారమయ్యెను. ఆనాటినుండి 1954 వరకు పదునేడేండ్లు ఈ బృందముతో అతడు చేసిన ప్రసారములు, ప్లేట్లు లోకమంతట వ్యాపించినవి. బీతోవెన్ తొమ్మిది సింఫొనీలును, వెర్డీ నాటకములును ఇందు గలవు. 1887లో చెల్లో వరుసనుండి విన్న ఒథెల్లోను 1947లో నాయకుడుగా రేడియోలో నడిపెను. తొలి ప్రదర్శనమున తాను నడిపిన లా బోహెమ్‌ను సరిగా ఏబదేండ్లకు, 1946లో, మరల నడుపగా అదియు ప్లేట్లకెక్కెను. ఒక నాటకము పుట్టిననాడు దానిని చేతబట్టినవాని నడకనే మనము నేడు వినగల్గుట సామాన్య భాగ్యము కాదు.

కాని ఎన్.బి.సి. స్టూడియో గది ప్రతిధ్వని లేని పొడి గది. ఆ ప్లేట్లు వినినవారు కొందరు టోస్కనీని సంగీతము కఠినమనిరి, తొందరపాటనిరి. గది దోషమును మనిషికి అంటగట్టుట న్యాయము కాదు. లండనులోని క్వీన్స్ హాలులో 1937 మొదలు 1939 వరకు బి.బి.సి. బృందముతో చేసిన ప్లేట్లలో అదే చేయి ఎంతో మృదువుగా వినవచ్చును. ముదిమిలో బిగువు కొంత హెచ్చెననుట మాత్రము కాదనరాదు.

అతని కోపము కథలుగా చెప్పుకొనబడినది. అపస్వరము వినబడినచో పుల్లలు విరుచును, గడియారములు నేలకు కొట్టును, నోటికి వచ్చినట్లు తిట్టును. ఒకసారి వాద్యకారుడొకడు గాయపడగా వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. కళాతపస్సని దీనిని కీర్తించుట తగదు. జీతము కొరకు కూర్చున్నవాడు మారు పలుకలేడు గదా. నియంతలకు తలవంచని వాడు తన బృందమున తానే నియంతయై యుండెను. ఐనను అతని క్రింద పనిచేసినవారిలో పలువురు జీవితాంతము అతనిని పూజించిరి.

1946 మే 11వ తేదీన, బాంబులకు కూలి మరల లేచిన లా స్కాలా తలుపులు అతని కచేరీతోనే తెరువబడినవి. 1954 ఏప్రిల్ 4వ తేదీన కార్నెగీ హాలులో వాగ్నర్ రచనలను నడుపుచుండగా, అరువదియెనిమిదేండ్లు తప్పని ధారణ మొదటిసారి తప్పెను. చేయి తడబడెను. రేడియోవారు ప్రసారమును ఆపి, కొన్ని క్షణములు వేరొక ప్లేటు వేసిరి. అతడు తెప్పరిల్లి కచేరీ ముగించెను గాని ఆ పిదప సభలో మరల నిలువలేదు. ఆ రోజు సంగీతము రెండు మార్గముల స్టీరియో పద్ధతిలో ప్రయోగార్థము పట్టబడియున్నది; ఆ తడబాటు నేటికిని వినవచ్చును. బృందమును సంస్థవారు రద్దుచేయగా, వాద్యకారులు తామే సంఘముగా ఏర్పడి, ఆ యేటి అక్టోబరులో నాయకపీఠము ఖాళీగా ఉంచి, నాయకుడు లేకయే కచేరీ చేసిరి.

1957 జనవరి 16వ తేదీన న్యూయార్కులోని స్వగృహమున టోస్కనీని కన్నుమూసెను. భౌతికకాయమును మిలాన్ నగరమునకు కొనిపోయిరి. లా స్కాలా బృందము విక్టర్ డి సబాటా నాయకత్వమున బీతోవెన్ మూడవ సింఫొనీలోని శోకగీతమును వాయించెను. 1906లో దక్షిణ అమెరికా పర్యటన నడుమ కంఠసర్పి వ్యాధితో మరణించిన చిన్నకుమారుడు జార్జియో కొరకు కట్టించిన సమాధియందే, ఆ బాలుని చెంత, అతనిని ఉంచిరి.