ఇల్యా ఇవానోవ్: జీవితము, కృషి

మన పల్లెలలో పశువుల ఆసుపత్రి ముందు, ఎదకు వచ్చిన ఆవునో గేదెనో పట్టుకొని నిలబడిన రైతును చూడని విద్యార్థి మన కళాశాలలో బహుశా ఉండడు. వైద్యుడు చేతికి తొడుగు వేసుకొని, సన్నని గొట్టంతో ఆ పశువు గర్భాశయంలోనికి వీర్యాన్ని ప్రవేశపెడతాడు. కొద్ది నిమిషాలలో పని ముగుస్తుంది. రైతు పశువును తోలుకొని ఇంటికి పోతాడు. మంచి ఆబోతు కొరకు ఊరూరా వెదకవలసిన అగత్యం అతనికి లేదు. ఈ సామాన్య దృశ్యం వెనుక ఒక శాస్త్రవేత్త జీవితకాలపు శ్రమ ఉన్నదని, ఈ విద్య మొదట గుర్రాల కొరకు వృద్ధి పొంది ఆ తరువాతనే ఆవులకు వచ్చిందని చాలమందికి తెలియదు. ఆ శాస్త్రవేత్త రష్యా దేశీయుడైన ఇల్యా ఇవానోవిచ్ ఇవానోవ్. ఆయన ఘనతను, ఆయన చేసిన తప్పును కూడా దాచకుండా మా పాఠకుల ముందుంచుట ఈ వ్యాసానికి ఉద్దేశము.

ఈ విద్యకు పూర్వకథ ఒకటి ఉన్నది. గుర్రాన్ని ప్రాణంతో సమానంగా చూసుకొన్న అరబ్బులలో ఒక నాయకుడు, శత్రువు శిబిరంలోని మేలుజాతి మగగుర్రపు వీర్యాన్ని రహస్యంగా సేకరించి తెచ్చి తన ఆడగుర్రానికి చూలు కలిగించాడని ఒక గాథ ప్రచారంలో ఉన్నది. అది గాథయే గాని చరిత్ర కాదు. చరిత్రకు ఎక్కిన మొదటి ప్రయోగాన్ని 1780లో ఇటలీలో మతాచార్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు అయిన స్పల్లంజానీ ఒక ఆడకుక్కపై చేశాడు. అరవైరెండు రోజుల తరువాత అది మూడు పిల్లలను ఈనింది. అయినా ఆ తరువాత నూరేండ్లకు పైగా ఈ విద్య ఒక వింతగా మాత్రమే మిగిలిపోయింది. దానిని పశుపోషకునికి పనికివచ్చే పద్ధతిగా తీర్చిదిద్దిన వాడు ఇవానోవ్.

ఆయన 1870 ఆగస్టు 1న కుర్స్క్ మండలంలోని షిగ్రీ అనే చిన్న పట్టణంలో జన్మించారు. 1896లో ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, పిదప పారిస్ నగరంలోని పాశ్చర్ సంస్థలో సూక్ష్మజీవశాస్త్రం అభ్యసించారు. లూయీ పాశ్చర్ అప్పటికే, 1895లో, కీర్తిశేషుడైనాడు. కాని కంటికి కనిపించని క్రిములే రోగాలకు మూలమని ఆయన చాటిన సత్యం ఆ సంస్థలో ప్రతి గాజుపాత్రలోను, ప్రతి పనిముట్టులోను పాటింపబడుచుండెను. ఈ శుభ్రతాపాఠం ఇవానోవ్‌కు జీవితాంతం తోడుగా నిలిచింది. గుర్రాల విషయంలో ఆయన పొందిన విజయాలలో సగభాగం ఈ పాఠానికే చెందుతుందని మా అభిప్రాయము.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రఖ్యాత శరీరధర్మ శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగశాలలో పనిచేశారు. మగజంతువు దేహంలో వీర్యకణాలు పుట్టే చోటు వేరు, వాటికి ద్రవాన్ని చేర్చే అనుబంధ గ్రంథులు వేరు. గర్భధారణకు ఆ గ్రంథుల ద్రవం తప్పనిసరియా అన్నది ఇవానోవ్ చేపట్టిన ప్రశ్న. తప్పనిసరి కాదని ఆయన నిరూపించారు. మానవుడు తయారుచేసిన తగిన ద్రావణంలో ఉంచిన వీర్యకణాలు కూడ గర్భం కలిగించగలవని తేలింది. వినుటకు ఇది చిన్న విషయమే. కాని దీని నుండియే ఒక పెద్ద ఫలితం వెలువడింది. వీర్యాన్ని పలుచన చేయవచ్చును, పలుభాగాలుగా పంచవచ్చును, చల్లబరచి కొంతకాలం నిలువచేయవచ్చును.

ఆనాటి రష్యాలో గుర్రమే నాగలి, గుర్రమే బండి, గుర్రమే సైన్యబలము. ఉత్తమజాతి మగగుర్రాలు మాత్రం ప్రభుత్వ అశ్వశాలలలోను, ప్రభువుల ఎస్టేట్లలోను ఉండేవి. వాటి సంతతి పేదరైతు పాకకు చేరడం దుర్లభం. ఒక మగగుర్రం ఒక ఋతువులో సహజంగా ఇరవై, ముప్పది ఆడగుర్రాలను మాత్రమే చూలు చేయగలుగుతుంది. ఇవానోవ్ పద్ధతిలో ఆ సంఖ్య కొన్ని వందలకు పెరిగింది. 1901లో ఓర్యోల్ మండలంలోని దోల్గొయె గ్రామంలో గుర్రాల కృత్రిమ గర్భోత్పత్తి కేంద్రాన్ని ఆయన నెలకొల్పారు. ప్రపంచంలో ఈ తరహా కేంద్రాలలో ఇదే మొదటిది.

ఆయన పద్ధతి నేటి దృష్టికి మోటుగానే కనిపిస్తుంది. శుద్ధిచేసిన స్పాంజిని ముందుగా ఒక ఆడగుర్రం యోనిలో ఉంచి, మగగుర్రం దాటిన తరువాత దానిని తీసి, పిండి, వీర్యాన్ని సేకరించేవారు. ఆ వీర్యాన్ని రబ్బరు గొట్టం ద్వారా ఎదలో ఉన్న ఇతర ఆడగుర్రాల గర్భాశయంలోనికి పంపేవారు. ఎద సమయంలో ఆడగుర్రం గర్భాశయ ముఖం మెత్తబడి తెరుచుకొంటుంది. కావున గొట్టం సులభంగా లోపలికి పోతుంది. ఆ సౌలభ్యంలోనే అపాయమూ ఉన్నది. వీర్యం పోయే దారిలోనే రోగక్రిమి కూడ పోగలదు.

ఇచ్చట ఇవానోవ్ ఎదుర్కొన్న చిక్కును మా పాఠకులు గమనింతురు గాక. పనిముట్లు శుభ్రంగా లేకపోతే గర్భాశయం చీముపట్టి ఆ గుర్రం గొడ్డుబోవచ్చును. క్రిములను చంపే ఘాటైన మందులతో వాటిని కడిగితే, ఆ మందు లేశమాత్రం మిగిలినా వీర్యకణాలు చచ్చిపోతాయి. క్రిమి చావాలి, వీర్యకణం బ్రతకాలి, గర్భాశయానికి గాయం కాకూడదు. ఈ మూడింటినీ ఒకే పనిలో సాధించుటకు ఓర్పు కావాలి, నిష్ఠ కావాలి. శుభ్రంగా చేసినచో కృత్రిమ పద్ధతి సహజ సంపర్కం కంటె క్షేమకరమని కూడ ఆయన వాదించారు. డౌరిన్ వంటి అంటురోగాలు గుర్రాలకు సంపర్కం ద్వారానే సోకుతాయి. సంపర్కం లేనిచోట రోగానికి దారి మూసుకొంటుంది.

ఈ జాగ్రత్త ఎంత అవసరమైనదో తరువాతి శాస్త్రం మరింత స్పష్టం చేసింది. వీర్యం ప్రవేశించిన ప్రతిసారీ ఆడగుర్రం గర్భాశయం కొద్దిగా వాస్తుంది. ఇది రోగం కాదు, శుద్ధికార్యము. ఆరోగ్యవంతమైన గర్భాశయం ముడుచుకొంటూ సుమారు రెండు రోజులలో మలినాన్ని వెలుపలికి నెట్టివేస్తుంది. అనేక ఈతలు ఈనిన ముసలి గుర్రంలో గర్భాశయం క్రిందికి జారి, ముడుచుకొనే శక్తి తగ్గుతుంది. ద్రవం లోపల నిలిచిపోయి, ఏర్పడిన పిండం కూడ నిలువదు. అట్టి గుర్రాలకు నేటి వైద్యులు ఉప్పునీటి ద్రావణంతో గర్భాశయాన్ని కడిగి, దానిని ముడిచే మందును ఇస్తారు. 1975లో అమెరికా పశువైద్యుడు కెన్నీ, పాలపొడితో చేసిన ద్రావణంలో క్రిమినాశక ఔషధం కలిపి వీర్యాన్ని పలుచన చేసే పద్ధతిని ప్రకటించాడు. 1977లో ఇంగ్లండులోని న్యూమార్కెట్ అశ్వశాలలలో సంపర్కం ద్వారా సోకే గర్భాశయ వ్యాధి ఒకటి బయలుదేరి గొప్ప కలవరం కలిగించింది. మగగుర్రాలలో ఏ లక్షణమూ కనిపించకుండానే ఆ వ్యాధి వ్యాపించింది. ఇవానోవ్ వాదం ఎంత దూరదృష్టితో కూడినదో ఈ సంఘటన చెప్పకనే చెప్పింది. అయినను పందెపు థరోబ్రెడ్ గుర్రాలకు మాత్రం కృత్రిమ పద్ధతిని నేటికీ నియమాలు అంగీకరించవు. మన హైదరాబాదు మలక్‌పేటలో పరుగెత్తే పందెపు గుర్రాలన్నీ సహజ సంపర్కం వలన పుట్టినవే.

ఇవానోవ్ తన పరిశోధన ఫలితాలను 1907లో ఫ్రెంచి భాషలో విపులంగా ప్రకటించారు. పశువైద్యులకు తానే శిక్షణ ఇచ్చారు. ఆయన వద్ద నేర్చుకొన్న ఇషికావా అనే జపాను శాస్త్రజ్ఞుడు 1912లో స్వదేశంలో గుర్రాలతోనే ఈ పని ప్రారంభించాడు.

ఇంతవరకు చెప్పినది కీర్తిమార్గం. ఇక రెండవ మార్గం చెప్పవలసి ఉన్నది. 1910 ప్రాంతంలో ఇవానోవ్ దక్షిణ ఉక్రెయిన్‌లోని అస్కానియా నోవా అనే ఎస్టేటులో సంకరజంతువులపై పరిశోధించసాగారు. దాని యజమాని ఫాల్జ్-ఫైన్ దేశదేశాల జంతువులను అచ్చట పోషించేవాడు. అక్కడ ఇవానోవ్ జీబ్రాకు, గాడిదకు సంకరం కలిగించారు. అడవిదున్న జాతితో ఆవులను కలిపారు. ఇది వరకు తప్పు లేదు. కాని అదే సంవత్సరం ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ జంతుశాస్త్ర సభలో, మానవునికి, వానరానికి కూడ సంకరం సాధ్యమేనన్న ఊహను ఆయన ప్రకటించారు. ఆ ఊహ ఆయనను విడువలేదు.

విప్లవానంతరం సోవియట్ ప్రభుత్వ సహాయంతో ఆయన 1926లో ఫ్రెంచి వలసరాజ్యమైన గినీకి వెళ్ళారు. 1927లో మూడు ఆడ చింపాంజీలకు మానవవీర్యంతో గర్భోత్పత్తి ప్రయత్నించారు. ఒక్కటియు చూలు కట్టలేదు. అంతటితో ఆగలేదు. ఆసుపత్రిలోని ఆఫ్రికా స్త్రీలపై, వారికి తెలియనీయకుండానే, వానరవీర్యంతో ఇట్టి ప్రయోగం చేయ తలపెట్టారు. అక్కడి గవర్నరు అందుకు అనుమతించలేదు. ఈ సంగతి తెలిసి సోవియట్ శాస్త్ర అకాడమీ సైతం తన మద్దతును ఉపసంహరించుకొన్నది. ఆ తలంపు కార్యరూపం దాల్చలేదు. అయినను తలంపే మహాపరాధమని మేము నిస్సంకోచంగా చెప్పగలము. నోరులేని గుర్రం గర్భాశయానికి ఏ చిన్న గాయమూ కారాదని జీవితమంతా తపించిన మనిషి, నోరున్న స్త్రీలను ఒక్క మాట అడుగవలెనని తలచలేదు. వారు పేదలగుట, పరాయి పాలనలో ఉండుట, రోగులై మంచం పట్టి ఉండుట ఆయనకు అనుకూలంగా తోచింది. పాశ్చర్ సంస్థలో నేర్చిన శుభ్రత చేతికి అబ్బింది. మనస్సుకు అబ్బలేదు.

అటుపిమ్మట కాలం ఆయనకు అనుకూలించలేదు. 1930 డిసెంబరులో రాజకీయ ఆరోపణలపై ఆయనను నిర్బంధించి, అయిదేండ్ల ప్రవాసశిక్ష విధించి కజక్‌స్తాన్‌లోని ఆల్మా-ఆటాకు పంపారు. అచ్చటను పశువైద్య సంస్థలో పని మానలేదు. 1932 మార్చి 20న మెదడులో రక్తస్రావం వలన ఆ నగరంలోనే కన్నుమూశారు. ఒకనాటి గురుతుల్యుడైన పావ్‌లోవ్ ఆయన స్మృతికి నివాళి వ్యాసం వ్రాశారు.

ఆయన పోయినా ఆయన విద్య పోలేదు. శిష్యపరంపరలోని మిలొవానోవ్ ప్రభృతులు స్పాంజికి మారుగా కృత్రిమ యోనిని వాడుకలోనికి తెచ్చి, పద్ధతిని మరింత శుభ్రపరిచారు. 1936లో డెన్మార్కు రైతులు సహకార సంఘంగా ఏర్పడి ఆవులకు ఈ విద్యను వినియోగించుకొన్నారు. 1939లో మన దేశంలో మైసూరు రాజభవన క్షీరశాలలో సంపత్ కుమారన్ గారు దీనిని మొదటిసారి ఆచరించి చూపారు. 1949లో గ్లిసరిన్ సహాయంతో వీర్యాన్ని గడ్డకట్టించి నిలువచేసే ఉపాయం ఇంగ్లండులో దొరికింది. 1957లో అట్టి వీర్యంతో ఒక ఆడగుర్రం చూలు కట్టినట్లు కెనడా పరిశోధకులు ప్రకటించారు. నేడు మన పల్లెలోని పశువుల ఆసుపత్రి వరకు ఆ ధార ప్రవహించింది.

లోకంలో ఇవానోవ్ పేరు వినబడితే చాలమంది ఆ చింపాంజీల కథనే వింతగా చెప్పుకొంటారు. కోటానుకోట్ల పశుపోషకులకు మేలు చేసిన ఓర్పుగల చేతిని మరచిపోతారు. ఒకదానిని మాత్రమే గుర్తుంచుకొనుట అన్యాయము. రెండవదానిని కప్పిపుచ్చుట అంతకంటె అన్యాయము. మన కళాశాల నుండి రేపు వైద్యులు, పశువైద్యులు, పరిశోధకులు కాబోయే విద్యార్థినీ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ప్రాణి దేహంపై చేయి వేసేముందు పనిముట్టును శుభ్రపరచుకొనుట శాస్త్రం నేర్పుతుంది. ఆ దేహం మరొకరిదని, అది మనిషిదైనచో ఆమె సమ్మతి లేనిదే తాకరాదని ఎరుగుట సంస్కారం నేర్పుతుంది. మొదటిది ఇవానోవ్ నుండి నేర్చుకొందము. రెండవది ఆయన లోపం నుండి నేర్చుకొందము.