డాక్టరు డంకను చరిత్రము

లోకోపకారు లనఁగానే గుళ్లు గట్టించినవారిని, సత్రములు వేయించినవారిని మనము తలంతుము. మురుగుకాలువలను, పెంటకుప్పలను వెదకి తొలఁగించినవారిని దలఁచుట యరుదు. అట్టివారిలో మొదట నెన్నఁదగిన విలియం హెన్రీ డంకను చరిత్రమును మే మిందు వ్రాయుచున్నాము.

ఇతఁడు 1805వ సంవత్సరమున ఇంగ్లండునందలి లివర్పూలు పట్టణమున జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించి 1829లో పట్టమును బొంది, స్వస్థలమునకు మరలివచ్చి ధర్మవైద్యశాలలలో బీదలకుఁ జికిత్స చేయుచుండెను. అక్కడ వేలకొలఁది జనులు ఇండ్లక్రింది నేలమాళిగలలో, గాలి వెలుతురులు లేక, చెమ్మయూరు గోడలనడుమఁ గాపురముండిరి. మందు పుచ్చుకొనిపోయిన రోగి మరల నా మాళిగకే పోవలసినవాఁడు గదా! గృహము బాగుపడక దేహము బాగుపడదని డంకను గ్రహించి, తన పట్టణమున మరణము లధికమగుటకుఁ గల కారణములను 1843లో బహిరంగముగా నుపన్యసించెను. తెగుళ్లు దైవకోపమువలనఁ గలుగునని పలువురు నమ్మిన కాలమది. దుర్గంధవాయువే రోగకారణమని డంకను నమ్మిన మాటయుఁ బొరపాటే; అయినను ఆ పొరపాటు పట్టణమును శుభ్రపఱుప నతనిఁ బురికొల్పెను.

1846లోఁ బుట్టిన లివర్పూలు ఆరోగ్యశాసనము ననుసరించి, 1847 జనవరి 1వ తేదీని డంకను ఆరోగ్యాధికారిగా నియమింపఁబడెను. ఇంగ్లండులో నీ యుద్యోగమున కతఁడే ప్రథముఁడు. కాలువలు ద్రవ్వించుటకు న్యూలాండ్సు అను నింజనీరును, వీధివీధియుఁ దిరిగి యశుద్ధముల విచారించుటకు థామసు ఫ్రెషు అను ఇనస్పెక్టరును దోడ్పడిరి. తరువాతి కాలమున శానిటరీ ఇనస్పెక్టరులని పిలువఁబడినవారి పని యిదియే.

ఆ యేఁడే ఐర్లండు కఱవుచేత సుమారు 3 లక్షల జనము లివర్పూలున దిగెను. టైఫసు జ్వరము ప్రబలెను. రోగులకడకుఁ బోయిన కతోలిక గురువులు పదిమంది మరణించిరి. ఫ్రెషు మనుష్యులు నా మాళిగలలోనే దిగి, వానిని శోధించి, వేలకొలఁది మాళిగలను ఖాళీచేయించిరి. 1849లో కలరా వచ్చి 5,000 మందికి మించి చంపెను.

ఇచ్చట మే మొకమాట దాఁచక చెప్పవలెను. మాళిగనుండి వెళ్లగొట్టఁబడిన తల్లి తన బిడ్డల నెక్కడ దాఁచుకొనవలెను? మూసివేయుటకు శాసన మధికారమిచ్చెను. వేఱింటిని జూపు భారమును మాత్ర మెవ్వరిపైని నుంచలేదు. కావున నా బీదలు పొరుగున నదివఱకే క్రిక్కిఱిసిన గదులలోఁ జొరఁబడిరి, కొందఱు మూసిన మాళిగలకే మరలిరి. ఇది ఇనస్పెక్టరుల క్రౌర్యము గాదు, శాసనకర్తల లోపము.

డంకను 1863లో మరణించెను. పట్టణసభవారు తమ ధనముతోఁ బనివాండ్రకై సెంటు మార్టిన్సు గృహములను గట్టించినది 1869లో.