పక్కలో నొప్పితోనే ఆఖరి పాట

గాలి గట్టిగా పీల్చితే ఛాతీలో ఓ పక్క పోటు పొడుస్తుంది. గ్యాసేమో, నరం పట్టేసిందేమో అనుకుని మీరు ఎన్నిసార్లు వదిలేశారు? ఓపీలో ఇలాంటివారు ఎదురైనప్పుడల్లా నాకు ఎన్రికో కరూసో గుర్తొస్తారు.

ఆయన 1873 ఫిబ్రవరి 25న ఇటలీలోని నేపుల్స్‌లో ఓ పేద కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు చర్చిలో, వీధుల్లో పాడారు. 1895లో అదే ఊళ్లో తొలిసారి ఒపెరా రంగస్థలం ఎక్కారు. ఒపెరా అంటే కథంతా పాటగా సాగే నాటకం. అప్పట్లో మైకు లేదు. వాద్యాల హోరును దాటి చివరి వరుస దాకా గొంతు వినపడాలి. అందుకు స్వరపేటిక ఒక్కటే చాలదు. ఊపిరితిత్తులు, వాటి కింద ఉండే డయాఫ్రమ్ కండరం కూడా బలంగా ఉండాలి.

1902లో మిలాన్‌లో ఆయన పది పాటలు రికార్డు చేశారు. గ్రామఫోను పుణ్యమా అని ఆ గొంతు దేశదేశాలకూ చేరింది. 1903లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరాలో అడుగుపెట్టి, ఆ ఒక్క వేదిక మీదే ఆరు వందలకు పైగా ప్రదర్శనలు ఇచ్చారు. 1909లో స్వరతంత్రి మీద గడ్డకు ఆపరేషన్ అయింది. కోలుకుని మళ్లీ పాడారు. కానీ ఘాటైన సిగరెట్లు మాత్రం మానలేదు.

1920 చివర్లో దగ్గు, ఎడమ పక్క నొప్పి మొదలయ్యాయి. పక్కటెముకల మధ్య నరాల నొప్పి అన్నారు వైద్యులు. కట్టు కట్టించుకుని ఆయన పాడుతూనే ఉన్నారు. డిసెంబరు 11న బ్రూక్లిన్‌లో పాడుతుండగా నోట్లోంచి రక్తం పడింది. తుడుచుకుంటూ ఆ అంకం పూర్తిచేశాకే ప్రదర్శన ఆపారు. డిసెంబరు 24న న్యూయార్క్‌లో పాడిందే ఆఖరిది. మర్నాడు క్రిస్మస్. నొప్పి భరించలేక కుప్పకూలారు.

అది నరాల నొప్పి కాదు. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర వాచి, అక్కడ చీము పట్టింది. దీన్ని ఎంపైమా అంటాం. ఏడుసార్లు ఆపరేషన్ చేశారు. చీము తీయగలిగారే గానీ, ఇన్‌ఫెక్షన్‌ను చంపే మందు వాళ్ల చేతిలో లేదు. పెన్సిలిన్‌ను కనుగొన్నది 1928లో. కాస్త తేరుకుని ఇటలీ చేరినా మళ్లీ జ్వరం తిరగబెట్టింది. 1921 ఆగస్టు 2న, పుట్టిన ఊళ్లోనే కన్నుమూశారు. అప్పటికి వయసు 48. ఒళ్లో ఆడుకునే పసిపాప ఉంది.

ఈరోజైతే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌తో నీరు చేరిందో, చీము పట్టిందో తెలిసిపోతుంది. గొట్టం వేసి తీసేసి, యాంటీబయాటిక్స్ ఇస్తాం. చాలామంది కోలుకుంటారు. మన దగ్గర క్షయ వల్ల కూడా ఛాతీలో నీరు చేరుతుంది. దానికీ మంచి మందులున్నాయి. అయితే మీరు రావాలి కదా!

ఊపిరి పీల్చితే పొడిచే నొప్పికి జ్వరం తోడైతే, దగ్గు రెండు వారాలు దాటితే, కఫంలో రక్తం కనిపిస్తే నొప్పి మాత్రలతో నెట్టుకురాకండి. ఆయాసం కూడా ఉంటే ఒక్కరోజూ ఆగొద్దు. కరూసోకు అందని మందులు ఇవాళ ప్రభుత్వాసుపత్రిలోనే దొరుకుతున్నాయి. పని పూర్తిచేశాక చూపించుకుందాంలే అనే ఆలోచనకు మాత్రం ఇప్పటికీ మందు లేదు.