చివరి ఇంటి నుంచి మొదలు కావలసిన సాయం

మంజీర పొంగిన ఒక వానాకాలం, మేము కొందరు విద్యార్థులం బోధన్ సమీపంలోని ఒక పల్లెకు బియ్యం లారీతో వెళ్లాము. నిజామాబాద్‌లో దుకాణం దుకాణం తిరిగి పోగుచేసిన బియ్యమది. ఊరి పెద్దలు చావిడి దగ్గర దించమన్నారు, దించాము. మధ్యాహ్నానికల్లా లారీ ఖాళీ అయింది. తిరిగి వస్తుంటే దళితవాడ స్త్రీలు మోకాలి లోతు నీటిలో ఎదురువచ్చారు. తునికాకు, చుట్టిన బీడీలు తడిసిపోయి ఆ వారం కూలి కూడా కోల్పోయినవారు. వారికి ఇవ్వడానికి మా వద్ద గింజ కూడా మిగలలేదు. మేము ఎవరి కులమూ అడగలేదు. అయినా మా సాయం కులం గీసిన బాటలోనే నడిచింది. ఆ సిగ్గే నన్ను భాగ్యరెడ్డి వర్మ జీవితం దగ్గరకు చేర్చింది.

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక పేద మాల కుటుంబంలో జన్మించిన మాదరి భాగయ్యే అనంతర కాలపు భాగ్యరెడ్డి వర్మ. వెనుక ఆస్తి లేదు, అధికారం లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1906లో, జగన్మిత్ర మండలిని స్థాపించారు. అక్షరం రాని వాడలకు భజనలతో, హరికథలతో వెళ్లి తాగుడును, బాల్య వివాహాలను మాన్పించే ప్రయత్నం చేశారు. 1910లో దళిత బాలల కోసం బడి తెరిచారు. కాలక్రమంలో అవి ఇరవైకి పైగా అయ్యాయి. 1911లో మండలి మన్య సంఘంగా మారింది.

ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా నగరాన్ని కుదిపేసినప్పుడు ఆయన కూడగట్టిన యువకుల దళం రోగుల సేవకు దిగింది. 1918-19 ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. అయినవారే రోగిని తాకడానికి జంకే కాలమది. ఎవరి స్పర్శను సమాజం మైల అన్నదో, ఆ చేతులే సేవకు ముందుకు చాచుకున్నాయి. సాయం పొందవలసినవారిగానే లోకం చూసిన మనుషులు సాయం చేసేవారిగా నిలబడ్డారు. ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం ఇదే.

ఆర్యసమాజం, బ్రహ్మసమాజం వారితో ఆయన కలిసి పనిచేశారు. కానీ తన ప్రజల నాయకత్వాన్ని ఎవరికీ అప్పగించలేదు. 1917లో బెజవాడలో అధ్యక్షత వహించిన సభలో పంచములనే పేరునే తిరస్కరించారు. తామే ఈ నేల ఆదివాసులమని చాటారు. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ఆది హిందువులన్న పేరును గుర్తించింది. దళిత బాలికలను దేవతల పేరిట అంకితం చేసే దురాచారంపై కూడా పోరాడారు. ఆయన 1939లో కన్నుమూసినా ఆ దురాచారం పోలేదు. దశాబ్దాల తర్వాత జోగినుల కోసం హేమలతా లవణం మన జిల్లాలోని వర్ని కేంద్రంగా పనిచేయవలసి వచ్చింది. నిషేధ చట్టం 1988లో గానీ రాలేదు.

కష్టం వరద రూపంలోనే రాదు. 1937లో పుట్టిన బోధన్ చక్కెర మిల్లు 2015 డిసెంబరులో మూతపడినప్పుడు చెరకు రైతు, మిల్లు కార్మికుడు, వారి వెనుక పేరైనా నమోదు కాని కూలీ దెబ్బతిన్నారు. అటువంటి విపత్తుకు లారీ బియ్యం చాలదు.

మరి మనబోటి సామాన్యులం ఏం చేయగలం? పంపిణీకి ముందు వాడలోని స్త్రీలతో కూర్చుని ఇంటింటి జాబితా రాయవచ్చు. చావిడి దగ్గర కాక, ఊరి చివరి ఇంటి నుంచి పంపిణీ మొదలుపెట్టవచ్చు. నీటిలో కొట్టుకుపోయిన రేషన్ కార్డు, భూమి కాగితాల కోసం కార్యాలయాల చుట్టూ బాధితులకు తోడుగా తిరగవచ్చు. పని పోయిన ఇంటి పిల్లవాడు బడి మానకుండా సాయంత్రం పాఠం చెప్పవచ్చు. వీటిలో దేనికీ పెద్ద డబ్బు అక్కరలేదు. అన్నిటికన్నా ముఖ్యం, నిర్ణయించే చోట బాధితులనే కూర్చోబెట్టడం.

ఆ పల్లెకు మరుసటి వారం మళ్లీ వెళ్లాము. ఈసారి లారీ చావిడి దాటింది. ఎవరికి ఎంతన్నది వాడ స్త్రీలే చెప్పారు; మేము మూటలు మోశాము.