ఉద్యోగం రెండుసార్లు పోయింది.. బేస్ గిటార్ పుట్టింది!

చదివింది అకౌంటెన్సీ. ఇష్టమేమో రేడియోల మీద. గిటార్ వాయించడం జీవితంలో ఎప్పుడూ రాలేదు. అయినా ప్రపంచంలో ఏ మూల బేస్ గిటార్ మోగినా అందులో ఆయన చేతి పని ఎంతో కొంత ఉంటుంది. ఆయనే లియో ఫెండర్. పెనుబల్లి నుంచి సత్తుపల్లికో, ఖమ్మానికో బస్సెక్కి కాలేజీకి వెళ్తూ, డిగ్రీ అయ్యాక ఏం చేయాలా అని ఆలోచించే వాళ్లంతా ఒకసారి చదవాల్సిన జీవితం ఆయనది.

పాత సామాన్ల పెట్టె

లియో 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టారు. అమ్మానాన్నలకు నారింజ తోట ఉండేది. ఎనిమిదేళ్ల వయసులో కణితి వల్ల ఎడమ కన్ను పోయింది. దాని స్థానంలో గాజు కన్ను పెట్టారు. బళ్ల ఎలక్ట్రికల్ షాపు నడిపే దగ్గరి బంధువు ఒకాయన 1922లో పాత విడిభాగాలు, బ్యాటరీ ఉన్న ఒక పెట్టెను పంపించారు. మరుసటి ఏడాది లియో ఆ షాపుకి వెళ్లినప్పుడు, ఆయనే సొంతంగా బిగించిన రేడియో గట్టిగా పాడుతోంది. పిల్లాడి మనసు అక్కడే ఆగిపోయింది. హైస్కూల్లో ఉండగానే ఇంట్లో రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు.

కానీ కాలేజీలో తీసుకున్నది మాత్రం అకౌంటెన్సీ. ఎలక్ట్రానిక్స్‌లో ఆయనకు ఒక్క కోర్సు సర్టిఫికెట్ కూడా లేదు.

రెండుసార్లు రోడ్డు మీదకి

చదువు అయ్యాక ఐస్, కోల్డ్ స్టోరేజీ కంపెనీలో డెలివరీ పనికి కుదిరారు. తర్వాత అక్కడే లెక్కలు రాసే పని దొరికింది. ఆ రోజుల్లోనే ఒక బ్యాండ్ లీడర్ డ్యాన్సుల కోసం మైక్ సెట్లు చేసిపెట్టమంటే ఆరు తయారుచేసి ఇచ్చారు. 1934లో ఎస్తర్‌తో పెళ్లయింది. రాష్ట్ర హైవే శాఖలో అకౌంటెంట్‌గా చేరారు. ఇక జీవితం స్థిరపడినట్టే అనుకునే టైమ్.

అది ఆర్థిక మాంద్యం కాలం. ప్రభుత్వ మార్పుల్లో ఆయన పోస్టే ఎగిరిపోయింది. తర్వాత ఒక టైర్ల కంపెనీ లెక్కల విభాగంలో చేరితే, ఆరు నెలలకే మిగతా అకౌంటెంట్లతో పాటు ఆయన్నీ ఇంటికి పంపేశారు. చేతిలో పని లేదు. ఇంట్లో భార్య. మూడో ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఆయన అలా చేయలేదు. 1938లో 600 డాలర్లు అప్పు తీసుకుని, సొంతూరు ఫుల్లర్టన్‌కి తిరిగొచ్చి ‘ఫెండర్ రేడియో సర్వీస్’ అని రిపేరు షాపు తెరిచారు. అప్పటిదాకా హాబీగా ఉన్నదే ఇక కూడు పెట్టాలి.

రిపేరుకొచ్చిన వాళ్లే గురువులు

షాపుకి రేడియోలతో పాటు మ్యూజిషియన్ల ఆంప్లిఫయర్లు, గిటార్లు కూడా వచ్చేవి. ఏది ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో ఆయనకు చేత్తో తెలిసింది. 1945లో డాక్ కాఫ్‌మన్ అనే సంగీతకారుడితో కలిసి గిటార్లు, ఆంప్లిఫయర్లు చేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే భాగస్వామి తప్పుకున్నా లియో ఆగలేదు. ‘ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ’ని నడిపించారు. 1950లో ఆయన తెచ్చిన బ్రాడ్‌కాస్టర్ గిటార్ పేరు, గ్రెట్ష్ కంపెనీ డ్రమ్ముల పేరుతో కలిసిందని గొడవ వచ్చింది. పేరు మార్చేశారు. అదే ఇవాళ్టి టెలికాస్టర్.

నాలుగు తీగలు, 34 అంగుళాలు

అప్పట్లో బ్యాండుల్లో లోతైన మంద్ర స్వరం కోసం డబుల్ బేస్ వాడేవారు. మనిషంత ఎత్తుండే చెక్క వాద్యం అది. బండిలో పట్టదు. డ్రమ్ములు, బాకాల హోరులో వినపడదు. పైగా దానికి మెట్లు ఉండవు. మన బొబ్బిలి వీణకు మైనంలో నిలబెట్టిన 24 మెట్లు ఉంటాయి కాబట్టి వేలు పెట్టాల్సిన చోటు కంటికి తెలుస్తుంది. డబుల్ బేస్‌లో ఆ చోటు చెవికి, చేతికి ఏళ్ల సాధనతో తెలియాలి.

ఈ మూడు ఇబ్బందులకూ లియో ఒకే సమాధానం చూపించారు. 1951లో వచ్చిన ఆ వాద్యం పేరు ప్రిసిషన్ బేస్. భుజానికి తగిలించుకోవచ్చు. బోలు డొక్కు కాదు, గట్టి చెక్క. తీగ కదలికను పికప్ అయస్కాంతం పట్టి ఆంప్లిఫయర్‌కి పంపుతుంది. మెడ మీద 20 మెట్లు. స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టే ఆ పేరు. తీగ పొడవు 34 అంగుళాలు. ఇప్పటికీ చాలా బేస్ గిటార్లకు అదే కొలత. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930ల్లోనే మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేశారు గానీ అది పెద్దగా జనంలోకి వెళ్లలేదు. ఫెండర్‌ది వెళ్లింది.

ఇంకో సంగతి. మెడను జిగురుతో అంటించకుండా నాలుగు స్క్రూలతో బిగించారు. పాడైతే విప్పి మార్చుకోవచ్చు. ఇది రిపేరు షాపులో పుట్టిన ఆలోచన. ఇవాళ హాబీగా బేస్ గిటార్లు చేసుకునే వాళ్లకు దారి వేసిందీ అదే. మెడ, పికప్, బ్రిడ్జి, కీలు విడివిడిగా కొని, బాడీ చెక్క మాత్రం సొంతంగా కోసుకుంటారు. మన దగ్గర ప్రయత్నించాలనుకుంటే సామిల్‌లో బిల్లుతో కొన్న, బాగా ఎండిన చెక్కే తీసుకోండి. పచ్చి చెక్క తర్వాత వంగిపోతుంది. వడ్రంగం, సోల్డరింగ్, కొలతలు.. మూడూ ఒకే వస్తువు మీద నేర్చుకోవచ్చు.

అమ్మేసి.. మళ్లీ మొదటి నుంచి

1954లో స్ట్రాటోకాస్టర్, 1960లో జాజ్ బేస్ వచ్చాయి. కంపెనీ బాగా పెరిగింది. లియో ఆరోగ్యం మాత్రం తగ్గింది. ఏళ్ల తరబడి వదలని సైనస్ ఇన్ఫెక్షన్‌తో ఇక తన పని అయిపోయిందనుకుని, 1965 జనవరిలో 1.3 కోట్ల డాలర్లకు కంపెనీని సీబీఎస్‌కి అమ్మేశారు. అంతకుముందు తయారైన వాటిని కలెక్టర్లు ‘ప్రీ-సీబీఎస్’ అని ప్రత్యేకంగా వెతికి మరీ కొంటారు.

కొన్నేళ్లకు వేరే డాక్టర్ చికిత్సతో జబ్బు తగ్గింది. డబ్బుంది, పేరుంది, ఖాళీగా కూర్చోవచ్చు. కానీ ఆయన మళ్లీ పని బల్ల దగ్గరికే వెళ్లారు. మ్యూజిక్ మ్యాన్ కంపెనీలో 1976లో స్టింగ్‌రే బేస్‌ తెచ్చారు. 1979లో ఎస్తర్ చనిపోయారు. మరుసటి ఏడాది, 70 దాటిన వయసులో, పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ కంపెనీ పెట్టారు. పార్కిన్సన్స్ వ్యాధి వచ్చినా గిటార్ల పని వదల్లేదు. 1991 మార్చి 21న కన్నుమూశారు. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

మనం ఏం తీసుకోవాలి?

* డిగ్రీ దారి మూసుకుపోతే, చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని ఏముందో చూసుకోండి. లియోకి అది రేడియో. మీకు మోటారు వైండింగ్ కావచ్చు, మొబైల్ రిపేరు కావచ్చు.
* చదివిన అకౌంటెన్సీ వృథా అని ఎవరైనా అంటే నమ్మొద్దు. సొంత షాపుకి లెక్కలు తెలిసిన యజమాని ఉండటం చిన్న విషయం కాదు.
* హాబీని ఒక్కసారిగా వ్యాపారం చేయలేదాయన. ముందు ఆరు మైక్ సెట్లు, తర్వాత రిపేరు షాపు, ఆ తర్వాతే తయారీ.
* రానిదాన్ని దాచుకోలేదు. గిటార్ వాయించడం రాదు కాబట్టే తయారైన ప్రతి నమూనాను ఊళ్లో వాయించే వాళ్ల చేతికిచ్చి, వాళ్లు చెప్పిన తప్పులు విని సరిచేసుకునేవారు.

ఇంటర్వ్యూకి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన రోజున ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మనకు ఏది రాదో తెలిస్తే, ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది.